కువైట్‌కి ఎన్ని పూటలు

మా వైపు ప్రయాణమంటే ముందు ఎన్ని పూటలని అడుగుతారు, అన్నం కట్టాలి కాబట్టి. తొంభై మూడులో రాజోలు దగ్గరి మా ఊరి సంపూర్ణమ్మగారు కువైట్‌లో వంటపనికి బయల్దేరారు. బొంబాయికి రైల్లో మూడు పూటలు. అక్కణ్ణుంచి కువైట్ అంతకు రెండింతల దూరమని ఎవరో చెప్పగానే, ఆవిడ అత్తగారు విమానానికి విడిగా ఆరు పూటల పులిహోర కట్టేశారు.

విమానం నాలుగు గంటల్లో దింపేసింది. మూట ముడి కూడా విప్పలేదు.

“సిగ్గుతో చచ్చాననుకోండి,” అని ఇప్పటికీ పగలబడి నవ్వుతారావిడ.

పదేళ్లు చేసి, ఇల్లు కట్టుకుని, హాయిగా తిరిగొచ్చారు. ఇప్పుడు మా ఊళ్లో ఏ ఆడపిల్ల కువైట్ వెళ్తున్నా పులిహోర ఆవిడే కడతారు. నిన్న పక్కింటి ఆశాజ్యోతి మొహమాటపడింది.

“విమానంలో వాళ్లే పెడతారంట కదా పిన్నిగారూ, ఇదెందుకండీ?”

“దారికని ఎవరన్నారే నీకు? అక్కడ దిగాక, ఆ కొత్త వంటింట్లో కూర్చుని తిను,” అని కసిరారు సంపూర్ణమ్మగారు. “విమానం నాలుగు గంటల్లో దింపేస్తుంది. నువ్వు చేరడానికి ఇంకో రెండు పూటలు పడుతుంది.”