నోరు లేని మాంత్రికునికి మూడు విద్యలు

పులివెందులలో నాటకం ఆడిన సాయంత్రమే నా గొంతుకు ఏదో అయిందని తెలిసింది. నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో గుమాస్తాను. మా నాటక సమాజంలో మాంత్రికుని వేషాలన్నీ నావే. రూపాన్ని చూసి ఇచ్చినవి కావు, గొంతును చూసి ఇచ్చినవి. ఆ రోజు చేతులు పైకెత్తి మంత్రం ఎత్తుకున్నాను. మొదటి చరణం వచ్చింది. రెండో చరణానికి నోరు కదిలింది గానీ శబ్దం రాలేదు. జనం అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. తెర దించాక మావాళ్లు మంత్రం వికటించిందని వేళాకోళం చేస్తే నేనూ నవ్వాను.

గొంతు పట్టేస్తే మా నాటకాల వాళ్లకు తెలిసిన వైద్యం ఒకటే, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం. మూడు నెలలు అలాగే పెట్టుకున్నాను. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. అన్నం మింగితే చెవి దాకా నొప్పి పాకేది. “ఇది కరక్కాయతో పొయ్యే రోగం కాదు, ఆసుపత్రికి పోదాం పా” అని నా భార్య లక్షుమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. గొంతు సంగతి నాకు ఒకరు చెప్పేదేమిటన్న పొగరు నాది. ఆ పొగరు ఫలితం తర్వాత గట్టిగానే అనుభవించాను.

చివరికి దగ్గులో రక్తపు జీర కనిపించింది. అప్పుడు భయపడి ఊళ్లో డాక్టరు దగ్గరికి పోతే, ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, జమ్మలమడుగు దగ్గర ఉన్న ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. పెద్ద డాక్టరు నా నాలుకను గుడ్డతో పట్టి ముందుకు లాగి, పొడుగు కాడ ఉన్న చిన్న అద్దాన్ని లోపలికి పెట్టి చూశాడు.

“టీబీ. లంగ్స్‌లో కొంచెమే ఉంది. లారింక్స్‌కు, అంటే గొంతులో మాట పుట్టే చోటికి కూడా పాకింది” అన్నాడు. “స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఇస్తాం, పీఏఎస్ అని తాగే మందు ఇస్తాం. వాటితో పాటు కంప్లీట్ వాయిస్ రెస్ట్. ఎన్ని నెలలో ఇప్పుడే చెప్పలేను. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.”

గొంతు మళ్లీ వస్తుందా అని కాగితం మీద రాసి చూపించాను. అది మీ చేతుల్లోనే ఉంది అన్నాడాయన.

నాకొక పలక, బలపం ఇచ్చారు. ఇంజెక్షన్ల నొప్పి, పీఏఎస్ తాగితే తిప్పే కడుపు, ఇవన్నీ ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేనిది ఆదివారాలు. లక్షుమ్మ ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి వచ్చి మంచం పక్కన కూర్చునేది. ఆమెకు చదువు రాదు. పలక నా ఒళ్లో ఊరికే ఉండేది. మొదట్లో ఇంటి సంగతులన్నీ తానే చెప్పేది. బదులు రాని చోట ఎంతసేపని మాట్లాడుతుంది పాపం? కొన్ని వారాలకు ఆమె కూడా మాటలు తగ్గించేసింది. ఇద్దరం కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. ఆమె లేచి పోయాక వచ్చే ఒంటరితనం కంటే ఆమె పక్కన ఉండగా వచ్చేదే నాకు ఎక్కువ బరువుగా ఉండేది.

నా పక్క మంచం హుసేన్ మామది. జమ్మలమడుగులో దర్జీ. నాకంటే పదేళ్లు పెద్దవాడు. ఆయనకు ఎడమ ఊపిరితిత్తి బాగా చెడిపోయింది, కానీ నోరు మాత్రం ఆగేది కాదు. ఒకరోజు నల్లటి గుడ్డ ముక్క ఒకటి పరిచి, దర్జీ సుద్దతో దాని మీద గళ్లు గీశాడు. ఈ చివర పెన్నా నది, ఆ చివర కోట. చింతపిక్కలను ఒక వైపు తెల్లగా అరగదీసి పందేలకు పెట్టాడు. ఎన్ని తెల్లవి పడితే అన్ని గళ్లు నడవాలి. మనిషికొక గుండీ. కొన్ని గళ్లలో ఆయన ఒక ఆపద చెప్తాడు. మన దగ్గర దానికి తగిన విద్య ఉంటే దాటుతాం, లేకపోతే వెనక్కి పోతాం. మా వార్డులోనే ఉన్న వేముల ఊరి రైతు ఒకాయన దొంగ వేషం తీసుకున్నాడు. నేను నల్ల కోటు గుండీ తీసుకుని మాంత్రికుణ్ణయ్యాను. నా కథేమిటంటే, కోటలో చెరపెట్టిన నా గురువును విడిపించాలి.

“మూడు విద్యలే ఇస్తా. ఏవి కావల్నో రాసుకో అప్పా” అన్నాడు హుసేన్ మామ.

ఆకాశంలో ఎగరడం, నిప్పులు కురిపించడం, ఎదుటివాణ్ణి వశం చేసుకోవడం. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాశాను. అన్నీ నేను రంగం మీద ప్రదర్శించినవే. ఎగరాలన్నా, నిప్పు పుట్టించాలన్నా మంత్రం చదవాలని ఆటలో నియమం పెట్టుకున్నాం. నేను గుసగుసగా చదివేవాణ్ణి. శబ్దం లేకపోతే అది మాట కాదని నా నమ్మకం. నాటకాల వాళ్లం రంగం పక్కన నిలబడి మా వంతు వచ్చేదాకా పద్యాలు అలాగే నెమరు వేసుకుంటాం, గొంతు దాచుకోవడానికి. నేను దాచుకుంటున్నాననే అనుకున్నాను. ఆ మూడు వారాలు ఎంత సుఖంగా గడిచాయో చెప్పలేను.

మూడు వారాల తర్వాత డాక్టరు మళ్లీ అద్దం పెట్టి చూశాడు. “ఇంకా రెడ్‌గా ఉంది. అల్సర్ ఏమీ మానలేదు. ఎవరితో మాట్లాడుతున్నారు?” అని అడిగాడు. గుసగుస మాత్రమే అని పలక మీద రాశాను. “గుసగుసకు గొంతు ఇంకా బిగుసుకుంటుంది. ఇలాగే చేస్తే మందులు టీబీని తగ్గిస్తాయి గానీ, గొంతుకు నేను హామీ ఇవ్వలేను” అన్నాడు.

మంచం మీదికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. హుసేన్ మామకు సంగతి నర్సు చెప్పింది. ఆయన నా పలక తీసుకుని మూడు విద్యలనూ అరచేత్తో తుడిచేశాడు.

“నువ్వు ఎత్తుకున్నవి ఆ నాటకం మాంత్రికునివి. ఈ కతలో వాడు నోరు లేనోడు. నోరు లేనోనికి ఏం చేతనయితాదో అది రాయి.”

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆయన ముఖం చూడలేదు. నా దగ్గర ఉన్నదంతా గొంతే, అది తీసేస్తే ఇక నాకేం చేతనవుతుందని రాయమంటాడు? మూడో రోజు పొద్దున అలాగే కళ్లు మూసుకుని పడుకుని ఉంటే, వస్తున్నది ఏ నర్సో అడుగుల చప్పుడును బట్టి తెలిసింది. దగ్గును బట్టి ఏ మంచమో తెలిసింది. రైతుకు ఇంటి నుంచి ఉత్తరం రాలేదని ఆయన నిట్టూర్పును బట్టి తెలిసింది. గొంతు ఉన్న రోజుల్లో నేను ఎవరి మాటా పూర్తిగా వినలేదు, లక్షుమ్మ మాటతో సహా. లేచి కూర్చుని పలక మీద రాశాను: గోడ అవతలి మాట వినడం. మధ్యాహ్నం రెండోది రాశాను: పడిన పందెం వాడుకోకుండా దాచుకుని, కావలసినప్పుడు నడవడం.

హుసేన్ మామ రెండుసార్లు చదివి తల ఊపాడు. “ఇప్పుడు వీడు మనిషైనాడు. మూడోది ఇప్పుడే రాయొద్దు. కత యాటికి పోతాదో చూసి రాసుకుందువు” అన్నాడు.

ఆట నెమ్మదిగా సాగింది. దొంగ రెండుసార్లు చెరసాలకు పోయి వచ్చాడు. నా నల్ల గుండీ గోడ పక్కన కూర్చుని కాపలావాళ్ల మాటలు విన్నది, గడ్డి బండ్లకు తలుపు ఎప్పుడు తీస్తారో తెలుసుకున్నది, పందేలు దాచుకున్నది. నేను పెదవి కూడా కదపలేదు. ఈసారి డాక్టరు అద్దం పెట్టి చూసి “గుడ్” అన్నాడు.

కోట తలుపు ఇక ఒక్క గడి దూరం ఉందనగా, హుసేన్ మామకు ఆపరేషన్ చేయాలని, మద్రాసు పోవాలని కబురు వచ్చింది. పోయే రోజు పొద్దున ఆయన సూది తీసి, ఎవరి గుండీని వాళ్ల గడిలోనే ఒక్కో కుట్టు వేసి నిలబెట్టి, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

“ఆట ఆడనే ఉంటాది. నేనొచ్చేతలికి మూడోది పెట్టుకోనుండు. ఈసారి నోటితోనే చెబుదువు” అన్నాడు.

కిటికీలోంచి చూశాను. ఆయన జట్కా ఎక్కుతూ రెండుసార్లు ఆగి దగ్గాడు. మామా అని పిలవాలని ప్రాణం కొట్టుకుంది. పిలవలేదు.

ఇంకో రెండు నెలలకు డాక్టరు రోజుకు ఐదు మాటలకు అనుమతి ఇచ్చాడు. అవి పుచ్చుకుని వార్డులోకి వస్తే పక్క మంచం మీద కొత్త మనిషి నిద్రపోతున్నాడు. రైతు అంతకు ముందే ఇంటికి పోయాడు. ఆ రోజు ఐదు మాటలూ అలాగే మిగిలిపోయాయి. ఆదివారం లక్షుమ్మ వచ్చాక, “బస్సులో సీటు దొరికిందా?” అని అడిగాను. గరగరమని, ఎవరిదో గొంతులాగా వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దొరకలేదు, నిలబడే వచ్చానని తర్వాత చెప్పింది.

ఇంటికి పంపించాక నేను పోయిన మొదటి ఊరు జమ్మలమడుగు. హుసేన్ మామ ఇంటి ముందు కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆపరేషన్ అయిన నాలుగో రోజే ఆయన పోయాడట. ఆయన భార్య లోపలి నుంచి నల్ల గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ప్రొద్దుటూరాయన గొంతు ఎట్లుంటాదో ఒకసారన్నా ఇనాల అని మా ఆయన అంటాండె” అంది.

ఎన్ని నెలలు పక్కపక్కన ఉన్నామో, ఆయన నా గొంతు ఎన్నడూ వినలేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆయన విన్నది గుసగుసే. ఆ అరుగు మీద కూర్చుని, పెన్నా ఒడ్డు నుంచి తలుపు ముందటి గడి దాకా ఆ ఆటంతా ఆమెకు చెప్పాను. మధ్యలో రెండుసార్లు గొంతు పోయింది. వచ్చేదాకా ఆమె ఆగింది.

ఇప్పుడు నాకు రోగం లేదు. ఆర్నెల్లకొకసారి ఎక్స్‌రే తీయించుకుంటాను. పద్యం పాడలేను. సమాజంలో వేషగాళ్లకు రంగు పూస్తాను. కొత్త మాంత్రికుడు ఎవరైనా వస్తే, నీ మాంత్రికునికి ఏ విద్యలున్నాయి, అవే ఎందుకు అని అడుగుతాను. నా గుండీ కుట్టు ఇంకా విప్పలేదు. మూడోది రాయలేదు.

చదివేవాళ్లకు ఒకటే చెప్తాను. మీవాళ్లకు డాక్టరు వాయిస్ రెస్ట్ చెబితే గుసగుస కూడా మాటేనని ముందే తెలుసుకోండి. చూడటానికి పోయినప్పుడు ఒక్కో ప్రశ్నే అడిగి, వాళ్లు రాసి ముగించేదాకా కూర్చోండి. సగం చదివి, తెలిసిందిలే అనకండి. నేను ఎంత ఆలస్యంగా రాసినా, హుసేన్ మామ ఒక్కసారి కూడా నేను ముగించకముందే నా పలక తీసుకోలేదు.