జాగా మీద ఒక పొద్దు

బేతంచెర్ల స్టేషను దారిలో ఉగ్గాని తిన్నవాళ్లకు గిడ్డమ్మక్కను పరిచయం చేయనక్కర్లేదు. తోపుడు బండి కనబడకముందే ఆమె గొంతు వినబడుతుంది. నానిన బొరుగులను పిండి బాణలిలో వేస్తూనే ఒకరిని తిడుతుంది, ఇంకొకరి కొడుకు పెళ్లి సంగతి అడుగుతుంది. ఆమెకు ఇంకో అలవాటు ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా జాగా కొంటామంటే, ఆ రోజుకు బండిని మొగుడు బొజ్జన్నకు అప్పగించి వాళ్ల వెంట వెళ్తుంది. ఆ జాగా మీద పొద్దున్నించి పొద్దుగూకేదాకా కూర్చుంటుంది. అంతే. కొలవదు, తవ్వదు. రొట్టె మూట విప్పుకొని కూర్చుంటుంది.

ఈ అలవాటు దెబ్బ తిన్నాక వచ్చింది. పెళ్లైన కొత్తలో, బొజ్జన్న గనిలో పనిచేసే రోజుల్లో, ఇద్దరూ కడుపు కట్టుకొని ఊరి చివర చిన్న జాగా కొన్నారు. కొనే ముందు ఒక ఆదివారం వెళ్లి చూశారు. ఎక్కడా చప్పుడు లేదు, గాలి చల్లగా వీస్తోంది. రిజిస్ట్రేషను అయ్యాక మామూలు రోజున పునాది తీద్దామని పోతే, బండలు మోసే లారీలన్నీ అక్కడికే వచ్చి తిరుగుతున్నాయి. ఆదివారం లారీలు రావని వాళ్లకు తట్టలేదు. అక్కడ ఇల్లు కట్టే వీల్లేదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. గిడ్డమ్మక్క కొన్నాళ్లు ఏడ్చింది. తర్వాత అక్కడే మూడు రాళ్లు పెట్టి డ్రైవర్లకు ఉగ్గాని వేయడం మొదలుపెట్టింది. బండి స్టేషను దారికి వచ్చింది ఆ తర్వాతే. ఆ జాగా మీద ఇల్లు లేవలేదు గాని, ఆ ఉగ్గానితోనే ఇప్పుడు వాళ్లు ఉంటున్న ఇల్లు లేచింది.

నేను ఆమె దగ్గరికి పోయింది మా ఆయన సుందరం చనిపోయిన మరుసటి ఏడు. ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన పోయాక ఇన్సూరెన్సు డబ్బు బ్యాంకులో పడింది. ఆ సంగతి నాకంటే ముందు చుట్టాలకు తెలిసింది. మా ఆయన పెదనాన్న కొడుకు శామ్ వచ్చి కాఫీ తాగి, "ఒదినా, నెల తిరక్కుండా ఇచ్చేస్తా" అంటాడు. నాకు కాదనడం రాదు. కర్నూలులో నర్సింగ్ చదువుతున్న మా బిడ్డ ఆరాధన ఫోనులో గట్టిగా చెప్పింది. "మా, ఆ డబ్బు బ్యాంకులో ఉంటే నువ్వు అందరికీ పంచేస్తావు. నాన్న మనకు సొంత ఇల్లు ఉండాలనేవాడు గదా. యాడన్నా జాగా కొనుమా."

కొంటే ఒక్కసారే కొనగలం. చెడ్డ జాగా కొంటే ఆయన కష్టమంతా మట్టిపాలే.

"అక్కా, జాగా కొనాలనుకుంటాండా" అన్నాను బండి దగ్గర నిలబడి.

గిడ్డమ్మక్క చేతిలో గంటె ఆగింది. "ఎవరెవరికి చెప్పినావు?"

"నీకే."

"మంచి పని చేసినావు. ఇంగెవరికీ చెప్పద్దు. చెప్తే తెల్లారేకల్లా బ్రోకర్లు నీ వాకిట్లో టెంటు ఏస్తారు." ఉగ్గాని ప్లేటు నా చేతిలో పెట్టింది. "ముందు బిడ్డ ఫీజుకి దుడ్లు పక్కన పెట్టు. దాన్ని తాకద్దు. మిగిలిన దాంట్లో ఎంత జాగా వస్తే అంతే. అప్పు చేసి పెద్దది కొంటానంటే నేను రాను."

"సరేక్కా."

"జాగా కంటే ముందు పక్కోళ్లను చూడల్ల, హద్దురాళ్లు జరిపేవాళ్లు పక్కన ఉండగూడదు. చూసిన రోజే టోకెన్ అడ్వాన్సు ఇయ్యద్దు. కూల్‌డ్రింకు ఇస్తే తాగు. టోకెన్ మాత్రం ఇయ్యద్దు."

బ్రోకరు పేరు ఉమామహేశ్. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా కుర్రాడు. మొదట పెద్ద కమాను ఉన్న వెంచర్‌కు తీసుకుపోయాడు. ఈస్టు ఫేసింగు అన్నాడు, పార్కు వస్తుందన్నాడు. గిడ్డమ్మక్క చాప పరిచింది.

"ఏందక్కా, చూసినారు గదా, పోదాం" అన్నాడు ఉమామహేశ్.

"నువ్వు చూపిచ్చినావు. మేమింగా చూల్యా. కూచోప్పా, రొట్టె తిందువు."

పొద్దున అక్కడ బాగానే ఉంది. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. గట్టు అవతల పాలిష్ మిషన్లు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. చాప మీద చేత్తో రాస్తే తెల్లగా పొడి తగిలింది. ఆ పొడి నాకు కొత్త కాదు. మా ఆయన చొక్కా కాలర్లకు సబ్బు రాసి రాసి అది ఎట్లా ఉంటుందో నా వేళ్లకు తెలుసు.

"ఇది వద్దక్కా" అన్నాను.

"వద్దులే మ్మే" అని గిడ్డమ్మక్క చాప దులిపింది. ఆ పొడి ఉమామహేశ్ చొక్కా మీద పడింది.

రెండోది ఊరికి ఇంకోవైపు. నేల చదును, ధర తక్కువ. ఆ రోజు సాయంత్రందాకా ఏమీ జరగలేదు. ఉమామహేశ్ ముఖంలో ఆశ పుట్టింది. అప్పుడే రంగన్న అనే గొర్రెలాయన తన మందను తోలుకుంటూ వచ్చి మమ్మల్ని చూసి నిలబడ్డాడు.

"ఏమ్మా, వంకలో కూచ్చోనుండారు?"

"వంకేంది?" అన్నాడు ఉమామహేశ్. "శానా ఏండ్లాయ ఈడ నీళ్లు పారక."

"వాన రాక పారల్యా. వస్తే ఇంగ యాడ పోవల్ల? నీ ఆఫీసులోకి పోతాదా?" అన్నాడు రంగన్న. గొర్రెలను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. గిడ్డమ్మక్క దారంతా నవ్వింది. మా దిక్కున వాన లేని ఏళ్లు ఎన్నో. చూడగా చూడగా వాననీళ్లు పారే వంక కూడా ప్లాటులాగే కనబడుతుంది.

మూడో జాగాకు ఉమామహేశ్ మమ్మల్ని ఆటోలో ఎక్కడెక్కడో తిప్పి, పగిలిన బండల గుట్టల వెనక నుంచి తీసుకుపోయాడు. జాగా చక్కగా ఉంది. గట్టి నేల, ముందర వెడల్పు రోడ్డు, లేఅవుటుకు అప్రూవల్ ఉంది. ఒక పక్క పొడుగ్గా తెల్లగోడ.

"ఈ గోడ ఏందప్పా?" అంది గిడ్డమ్మక్క.

"కాంపౌండక్కా."

"దేనికి కాంపౌండు?"

ఉమామహేశ్ కాసేపు ఆలోచించాడు. "గోడకే."

"గోడకి కాంపౌండు కట్టే ఊరు ఇదొగటే ఉండాది" అని ఆమె చాప పరిచింది. "ఎండగా ఉండాది, పోదామక్కా" అంటూ ఆ కుర్రాడు ఒకచోట నిలబడడం లేదు. రొట్టె, ఊరిబిండి పచ్చడి పెడితే కూడా తినలేదు.

ఎండ ఎక్కువైంది. గోడ అవతలి నుంచి ఒక వేపకొమ్మ ఇటు వంగి ఉంది. దాని నీడకు జరిగాను. కొమ్మను చూస్తూ ఉంటే ఎక్కడో చూసినట్టుంది. మధ్యలో ఒకసారి కిందికి వంగి, మళ్లీ పైకి లేచిన కొమ్మ. అది నాకు బాగా తెలుసు. ఏడాదిగా నేను దాని కిందే కూర్చుంటున్నాను. కాకపోతే ఇటువైపు కాదు, అటువైపు.

అక్కడ పడి ఉన్న బండ ఎక్కి గోడ మీదుగా చూశాను. మా చర్చి సమాధుల తోట. మా ఆయన సమాధి ఆ వేపచెట్టు నీడలోనే ఉంది. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసినవాళ్లు ఆ నాపబండను తమ చేతులతోనే పాలిష్ చేశారు. ఎంత నునుపంటే వేపాకుల నీడ దాంట్లో కదులుతుంది. నేనెప్పుడూ ఊరి వైపు గేటు నుంచే లోపలికి పోయేదాన్ని. ఈ వెనక చేలు ప్లాట్లయ్యాయని నాకు తెలియదు.

నా వెనక వచ్చి తొంగిచూసిన గిడ్డమ్మక్క కెవ్వుమంది. "ఓయమ్మా, సమాదులు!" చాప లాక్కొని జాగా ఆ కొసకు పోయింది. "ఉమామహేశూ, నీ ఇల్లు బంగారం గానూ! గోడకి కాంపౌండా ఇది?"

"చెప్తే ఎవరూ ఆటో గుడక దిగడంల్యాక్కా" అన్నాడు వాడు తల వంచుకొని. "జాగాలో ఏం తప్పు లేదు. నిజ్జంగా లేదు."

"మూట కట్టు మ్మే, పోదాం."

"నాకు ఇది నచ్చిందక్కా" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? రేపు అమ్మాలంటే ఎవడు కొంటాడు?"

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు ఎట్లా వచ్చాయో మాటలు వచ్చాయి. "మేం అమ్మేదానికి కొనడంల్యాక్కా, ఉండేదానికి. జాగా కంటే ముందు పక్కోళ్లను చూడమని నువ్వే చెప్తివి గదా. హద్దురాళ్లు జరిపేవాళ్లు పక్కన ఉండగూడదంటివి. వీళ్లు జరుపుతారా?"

గిడ్డమ్మక్క చేతిలోని చాప కింద పడేసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. చూసి నాకూ నవ్వు వచ్చింది. ఆయన పోయాక నేను అంతగా నవ్వింది అప్పుడే.

"మా ఆయన గుడక ఆడే ఉండాడక్కా" అన్నాను నవ్వు ఆగాక.

ఆమె నవ్వు ఆపింది. కొంగు తల మీదికి లాక్కొని మెల్లగా గోడ దగ్గరికి వచ్చింది. బండ ఎక్కి, ఒక కన్నే తెరిచి చూసింది. "సుందరప్పా, నీ పెండ్లాము నీ పక్కన్నే జాగా చూసుకుంటాండాది. కనిపెట్టుకోనుండు నాయనా" అంది. దిగి, చీర దులుపుకొని ఉమామహేశ్ వైపు తిరిగింది.

"దయ్యాల పక్కన జాగాకి ఆ రేటేందప్పా?"

"ఇప్పుడే గదక్కా సుందరప్పా అని పలకరిస్తివి!"

"పలకరించింది మనిషిని. బేరం జాగాకి."

రేటు తేలేసరికి ఆ కుర్రాడి తెల్లచొక్కా చెమటకు తడిసిపోయింది. అయినా గిడ్డమ్మక్క పొద్దుగూకేదాకా లేవలేదు. లారీ ఒక్కటి రాలేదు. గొర్రెలూ రాలేదు. సాయంత్రం గాలి తిరిగి చల్లగా వీచింది. ఎవరో అవతల కొవ్వొత్తి వెలిగించి, మెల్లగా పాట పాడి వెళ్లిపోయారు.

ఆ రోజు కూడా టోకెన్ ఇయ్యనీయలేదు. జాగా మీద అప్పులేమీ లేవని ఈసీ కాగితం తీయించింది. అంతకుముందు ఆ చేను ఎవరిది, వాళ్ల అన్నదమ్ములందరూ సంతకాలు పెట్టారా అని ప్లీడరు చేత చదివించింది. సర్వేయరును పిలిపించి నా కళ్ల ముందే హద్దురాళ్లు పాతించింది. అన్నీ సరిపోయాకే రిజిస్ట్రేషను ఆఫీసు మెట్లు ఎక్కాం. వేలిముద్ర వేసేటప్పుడు, కర్నూలు నుంచి వచ్చిన ఆరాధన నా పక్కనే నిలబడింది.

తర్వాత శామ్ వచ్చాడు. కాఫీ ఇచ్చాను. "ఒదినా, ఒక నెల…" అన్నాడు.

"అదంతా జాగా అయిపోయిందప్పా."

"అట్లనా! యాడ?"

చెప్పాను. కాఫీ సగంలో పెట్టి లేచాడు. మళ్లీ చేబదులు మాట ఎత్తలేదు.

ఇప్పుడు జాగా చుట్టూ నాపబండలు నిలబెట్టించాను. మా ఆయన ఫ్యాక్టరీవాళ్లు విరిగినవి ఏరుకొమ్మన్నారు. రెండు గదులకు ముగ్గు పోశాం. పోయిన వారం గిడ్డమ్మక్క బండి వదిలిపెట్టి అక్కడికే వచ్చింది. అటూ ఇటూ తిరిగి, గోడకు దూరంగా ఉన్న పక్క ప్లాటు మీద నిలబడింది.

"ఇది ఇంగా పోలేదంట మ్మే. రేటు గుడక దించినాడంట. రేప్పొద్దున రొట్టెలు చేసుకోని వస్తా, కూచ్చుందామా?"

"నీకు భయం గదక్కా?"

ఆమె తెల్లగోడను చూసింది, నా జాగాను చూసింది, తన కాళ్ల కింది నేలను చూసుకుంది.

"నాకేం బయం? నాకూ గోడకూ నడాన నీ ఇల్లుంటాది గదా."