ఎర్రకోడిని చూసి ఏడ్చిన అత్తయ్య

ఆ వీధిలో ఎవరికి కలిసొచ్చినా అత్తయ్య కడుపు మండేది. కలిసి రాకపోయినా మండేది. ఎదురింటి మేస్త్రి కొత్త సైకిలు కొంటే, "మరి నాకేదీ?" అంది. అదే మేస్త్రి ఆ సైకిలు మీంచి పడి కాలికి కట్టుతో వస్తే, "ఎంత తెల్లటి కట్టో! నా చెయ్యి విరిగినప్పుడు ఇలాంటిది వేశారా?" అని మూతి ముడుచుకుంది. అందుకే వీధిలోవాళ్ళంతా ఆవిణ్ణి చాటున "నాకేదత్తయ్య" అనేవారు. ఆ సంగతి తెలిసిన రోజున కూడా, "వెనకవీధి ఆవిడకి ఇంతకన్నా మంచి పేరు పెట్టారటగా?" అని అడిగిందట.

అత్తయ్య పెరటి గోడకివతల టైలరమ్మ ఉండేది. బట్టలు కుట్టుకుని బతికే ఆ మనిషికి ఒకే ఒక్క ఎర్రకోడి. అత్తయ్యకి నాలుగు కోళ్ళున్నా, అవి బుద్ధి పుట్టినప్పుడే గుడ్డు పెట్టేవి. ఎర్రకోడి మాత్రం పనిమంతురాలు. అది కొక్కొక్కోమనగానే గోడ మీద అత్తయ్య తల మొలిచేది.

"పెట్టిందా?"

"పెట్టిందత్తయ్యా."

"పెద్దదా?"

"మామూలేనండీ."

"ఏదీ, చూపించు."

చూసి "ఊఁ" అనేది. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టుండేది ఆ "ఊఁ". తరవాత తన కోళ్ళ వైపు తిరిగి, "తిండి దగ్గర మాత్రం తోసుకొస్తారు! ఆ పిల్లని చూసి నేర్చుకోండి!" అని చెడామడా తిట్టేది. ఈ చూపులకి హడలిపోయి టైలరమ్మ గుడ్లని కొంగులో దాచి తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున బడి యూనిఫాంల పనిలో టైలరమ్మ తలెత్తకుండా కుడుతోంది. గోడ మీంచి గొంతు వినిపించింది.

"నీ కోడి నిన్న పెట్టలేదు. ఇవాళా పెట్టలేదు."

"ఇప్పటికి మీ కళ్ళు చల్లబడ్డాయా అత్తయ్యా?" అంది టైలరమ్మ చిరాగ్గా.

"నోరు మూసుకుని ఇటు రావే. ఆ తోక చూడు, ఎలా వాలిపోయిందో! ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంది. లేచిందా, నిటారుగా నిలబడి ముక్కుతోంది."

"నిద్రొస్తోందేమో."

"గింజలు చల్లితే లేవని కోడికి నిద్రేమిటే!"

అంటూనే ఆ వయసులో, ఆ బరువుతో, అత్తయ్య గోడెక్కి ఇవతలికి దూకింది. చీర అంచు చిరిగి గోడకే ఉండిపోయింది. పట్టించుకోకుండా కోడిని ఒళ్ళోకి తీసుకుని, తోక కింద మెల్లగా తడిమింది.

"గుడ్డు అడ్డం పడింది. నొక్కకు! లోపల పగిలిందంటే ప్రాణం మీదికొస్తుంది. నీ మిషను చప్పుడులో దీనికి నెమ్మది దొరకదు. మా ఇంటికి పట్టుకుపోతున్నా."

తన స్నానాలగదిలో బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, కోడిని పొట్ట మునిగేదాకా కూర్చోబెట్టింది. పశువుల డాక్టరు కోసం మామయ్యని పరిగెత్తించింది. డాక్టరు వచ్చి, కాల్షియం మందిచ్చి, "ఒళ్ళు ఆరబెట్టి వెచ్చగా, చీకట్లో ఉంచండి. సాయంత్రానికి పెట్టకపోతే ఆస్పత్రికి తీసుకురండి. ఆలస్యం చేస్తే దక్కదు," అన్నాడు.

ఆయన వెళ్ళాక మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏమేవ్, నేను స్నానం చెయ్యాలి."

"పెరట్లో చెయ్యండి."

"నాకు జ్వరమొచ్చిననాడు కాళ్ళకి కూడా వేణ్ణీళ్ళు పెట్టలేదు. పక్కింటి కోడికి తొట్టిస్నానమా!"

"మీరేమన్నా గుడ్లు పెడతారా?"

మామయ్య పెరటి దారి పట్టాడు.

మధ్యాహ్నం టైలరమ్మకి కుట్టుపని సాగలేదు. పొద్దున అత్తయ్యని "కళ్ళు చల్లబడ్డాయా" అన్న మాటే పదే పదే గుర్తొస్తోంది. పని ఆపి వెళ్ళేసరికి స్నానాలగది తలుపు ఓరగా ఉంది. లోపల చీకట్లో అత్తయ్య కోడిని పాతచీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"లేవవే తల్లీ," అంటోంది. "నావన్నీ ఉత్త తిండిపోతులు. నువ్వు పోతే పొద్దున్నే గోడ దగ్గరికి దేనికెళ్ళను? ఎవర్ని చూసి ఏడవను?"

అని నిజంగానే ఏడ్చేసింది. తలుపు తోయబోయిన టైలరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళు తుడుచుకుని, అక్కడే గడప పక్కన చతికిలబడింది.

పొద్దు వాలుతుండగా లోపల్నుంచి కోడి కేక వినిపించింది. దాన్ని మించి అత్తయ్య కేక.

"పెట్టేసిందిరోయ్!"

గుడ్డు చేత్తో పట్టుకుని వీధిలోకొచ్చి, తనే పెట్టినంత గర్వంగా మేస్త్రికి కూడా చూపించింది. "చూడు, ఎంతుందో!"

రెండు రోజులు అత్తయ్య ఇంట్లోనే తిని, తేరుకుని, ఎర్రకోడి ఇల్లు చేరింది. టైలరమ్మ కింద దింపిందో లేదో అది గోడెక్కి అవతలికి దూకి, అత్తయ్య కాళ్ళకి అడ్డం పడి తిరగసాగింది. టైలరమ్మ గింజలు చల్లింది, బతిమాలింది. అది తల తిప్పితే ఒట్టు.

"అత్తయ్యా, మా కోడిని ఇలా పంపించండి!"

"నేనేమన్నా కట్టేశానా? పిలుచుకో, వస్తే తీసుకుపో." అంటూ అత్తయ్య దాని వీపు నిమిరింది. కోడి హాయిగా కళ్ళు మూసుకుంది.

టైలరమ్మకి ఒళ్ళు చుర్రుమంది.

"ఏమిటే ఆ చూపు? కుళ్ళా?"

"అవునత్తయ్యా, కుళ్ళే! ఇన్నాళ్ళు మేపింది నేను, అది మురిసిపోయేది మిమ్మల్ని చూసి!"

అత్తయ్య మొహం చాటంతయింది. పుట్టి బుద్ధెరిగాక తనని చూసి ఒకరు కుళ్ళుకోవడం అదే మొదలు.

"రావే, లోపలికి రా. టీ పెడతాను," అంటూ తలుపు బార్లా తెరిచింది.