పెట్టెలోకి వెళ్లబోయిన అలారం

మొన్న మధ్యాహ్నం, చాలాకాలంగా ముట్టని ఒక యాప్‌ను ఫోన్‌లో తెరిస్తే, తెర తెల్లబడి క్షణంసేపు అలాగే ఉండిపోయింది. పక్కనున్న మనవరాలు "తాతా, రుకో నా, అభీ ఖులేగా" అంటూ, కాస్త ఆగితే తెరుచుకుంటుందని నవ్వింది కానీ, ఆ క్షణంలో నేను ఉద్యోగపు రోజుల్లోకి వెళ్లిపోయాను.

అప్పట్లో మేము కటవారియా సరాయ్ అనే పేటలో, రెండు గదుల అద్దె ఇంట్లో మా చిన్నపిల్లతో ఉండేవాళ్లం. నా భార్య ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో నర్సు. నేను నోయిడాలో ఆసుపత్రి మానిటర్లకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో, కెర్నెల్‌లో ఎవరు ఏ మార్పు చేసినా చదివి సరే అనవలసిన ఉద్యోగిని. యంత్రంలోని ప్రోగ్రాములన్నిటికీ చోటు పంచేది కెర్నెల్. ఎండలు ముదిరాక మనం చలికాలపు రజాయిలు మడిచి మంచం కింది ఇనప్పెట్టెలో పడేసినట్టు, మెమరీ నిండినప్పుడు అది వాడకంలో లేనివాటిని డిస్కులోకి తోసి, అవసరమైతే వెనక్కి తెస్తుంది. దాన్నే స్వాపింగ్ అనేవాళ్లం. వెనక్కి తేవడానికి కాస్త సమయం పడుతుంది, చిక్కంతా అక్కడే.

ఆ వేసవిలో ఆ తోసే పనిని వేగం చేస్తూ ఒక మార్పు నా దగ్గరికి వచ్చింది. తెర మీద చదివితే నాకు నమ్మకం కుదరదు కనుక, కాగితాల మీద అచ్చు తీయించి, పెన్సిలు పట్టుకొని చదువుతున్నాను. కొన్ని ప్రోగ్రాములను ఎన్నడూ కదిలించరాదని గుర్తు వేసి ఉంచుతాం. మెమరీ మరీ ఇరుకైనప్పుడు ఆ గుర్తును చూడటమే ఈ మార్పులో మరిచిపోయారు. అలా గుర్తున్నవాటిలో ముఖ్యమైనది, రోగి గుండె తడబడితే మోగే అలారం. అంతా బాగున్నంతసేపు అది ఊరకే ఉంటుంది. ఊరకే ఉంది కనుక అక్కర్లేనిదనుకొని పెట్టెలోకి పోతుంది, కరెంటు పోయినప్పుడు కావలసిన టార్చిలైటును రజాయిల అడుగున దాచినట్టు. పరీక్షల్లో మావాళ్లు అలారాన్ని మాటిమాటికీ మోగించి చూసేవారు, అందుకే ఈ తప్పు దొరకలేదు. వార్డులో అది గంటల తరబడి మౌనంగా ఉంటుందని ఎవరికీ తోచలేదు.

వెళ్లి మా టీము పెద్దకు చెబితే, "అరే సర్‌జీ, ఆప్ భీ నా! టెస్ట్ పాస్ హై, ట్రయల్ మే కల్ హీ లగా దియా" అన్నాడు. నేను చదవకముందే, నిన్ననే ఒక వార్డులో పెట్టేశారన్నమాట. ఎక్కడని అడిగితే నా భార్య పనిచేసే వార్డు పేరే చెప్పాడు. ఆ పూట ఆమె డ్యూటీలో ఉంది.

వార్డుకు ఫోన్ చేశాను. ఎంతకీ ఎవరూ తీయలేదు. మోగవలసింది మోగక, అందరూ ఏదో ఒక మంచం చుట్టూ మూగారేమోనని మళ్లీ మళ్లీ చేశాను. చివరికి ఆమే తీసింది.

"ఏవండీ, డ్యూటీలో ఫోనేంటి? పిల్లకేమన్నా అయిందా?"

అలారం వేళకు మోగకపోవచ్చునని తడబడుతూ చెప్పాను.

"మీ డబ్బాని చూసుకుంటా కూర్చున్నానా ఇక్కడ? మనుషుల్నే చూస్తన్నాను. ముందు మీరు మంచినీళ్లు తాగండి" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "మూల మంచం పెద్దాయనకి పొద్దుట్నుంచీ బాలేదు. మీవాళ్లని గబగబా పంపించండి."

నేను పట్టుబట్టాక, పాత కెర్నెల్ మళ్లీ పెట్టడానికి బయల్దేరిన మా ఇంజనీరు కారు ఆశ్రమ్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్ జామ్‌లో చిక్కుకుంది. ఆమె ఆ మంచం పక్కనే నిలబడి ఉంటుందని నాకు తెలుసు. అయినా రెప్ప వాల్చే మనిషే కదా అన్న భయం నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు. సాయంత్రానికి ఆమె ఫోన్ వచ్చింది. "మార్చేశారు, మోగించి చూశాం. పెద్దాయన చాయ్ కావాలని గొడవ చేస్తన్నాడు."

ఏనాడూ డైరీ మానని నేను ఆ రోజు తారీఖు వేసి, తర్వాత ఏమీ రాయలేక మూసేశాను.

ఇప్పుడు మార్పులు వాటంతటవే వస్తాయి. ఫోన్ చార్జింగులో ఉండగానే ఏదో మారిపోయిందని తెర మీద కబురు కనిపిస్తుంది, సరే అనమని అడుగుతుంది. ఏం మారిందో చదివే ఓపికా, చదివితే అర్థమయ్యే చూపూ నాకిప్పుడు లేవు. ఎక్కడో ఎవరో ఒకరు, వార్డులో తన మనిషి ఉన్నట్టే, దాన్ని భయపడుతూ చదివే ఉంటారనుకొని సరే నొక్కుతాను. నొక్కాక కూడా వేలు కాసేపు అక్కడే ఆగుతుంది.