మెడకు గుచ్చే గొంగడి

దేవిక చేతిలో ఫోను నిలవదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా సరే, "వికారాబాద్ దగ్గర గొంగళ్లు" అని కొట్టి, తన దుకాణం ఎన్నో పేరుగా వచ్చిందో చూసుకోవాల్సిందే. నిన్న నాలుగు, ఇవాళ ఏడు. ఏడేమిటి నా తలకాయ! పైనున్న ఆరుగురూ మిషను దుప్పట్లు అమ్మేవాళ్లే.

ఆ ఆత్రం ఊరికే రాలేదు. మామ నర్సప్ప నేసిన గొంగళ్లను నెట్‌లో పెట్టి అమ్మేది తనే. ఆదివారంలోగా ఒక్క ఆర్డరైనా రాకపోతే మగ్గం విప్పి పొయ్యిలోకి కట్టెలు చేస్తానని ముసలాయన తేల్చేశాడు. ఆయన మాటంటే మాటే.

కొన్నవాళ్లు మంచి మాటలు రాస్తే దుకాణం పైకొస్తుందని ఎవరో చెప్పారు. రాసింది ఒక్కడే, మోమిన్‌పేట్ బిచ్చయ్య. మూడు స్టార్లిచ్చి, "చలి ఆగుతది. గని మెడకు మస్తు గుచ్చుతది" అని పెట్టాడు. దేవికకు ఒళ్లు మండింది. ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

"జర తీసెయ్యి కాకా, నీకు దండం పెడ్త."

"గుచ్చింది గుచ్చిందంటే తప్పా బిడ్డా?"

అంతలో దోమ అనే ఊళ్లో బీరప్ప పండుగ. చుట్టపక్కాలంతా ఒక్కచోట, ఇంతకన్నా అదను ఏముంటుంది! బోనాలు దించీ దించకముందే నలభై మంది చేత ఐదేసి స్టార్లు కొట్టించింది. ఆ రాతలు చూడాలి: "మా మేనకోడలు బంగారం." "మా వదినె కూర మస్తుంటది." గొంగడి ఊసెత్తినవాడు లేడు. ఒకే చోటు నుంచి ఒకే పూట వచ్చిన ఆ నలభై రాతలూ దొంగవని తేలి మూడో రోజుకల్లా మాయమయ్యాయి. మిగిలింది బిచ్చయ్య రాసిందొక్కటే.

శనివారం మళ్లీ ఫోన్ చేస్తే, ఆమె ఏడుపు గొంతు విని బిచ్చయ్య కరిగాడు. "ఊకో బిడ్డా. ఇంటికి పోంగనే తీసేస్త."

గంట గడవలేదు, అనంతగిరి కొండ దగ్గర విడిది ఇళ్లు నడిపే తరన్నుమ్ ఫోన్ చేసింది. "ఇరవై గొంగళ్లు కావాలి. అందరూ సూపర్, సూపర్ అని రాయించుకున్నరు. మీదాంట్లనే గుచ్చుతదని ఉంది. గుచ్చిందంటే అసలైన గొర్రె ఉన్నే గదా! రేపు పొద్దున గా రాత మా ఆయనకు చూపించి ఖాయం చేస్త."

దేవిక వెంటనే బిచ్చయ్యకు ఫోన్ చేసింది. ఎత్తడు. ఉన్నపళంగా బస్సెక్కింది. దారి పొడుగునా ఆ మూడు స్టార్లు ఉన్నాయా, పోయాయా అని చూస్తూనే ఉంది.

బిచ్చయ్య అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని ఫోను గెలుకుతున్నాడు.

"కాకా, ఆగు! తీసెయ్యకు!"

"గిదేం లొల్లి? ఇందాకటిదాక తీసెయ్యమని నా పానం తింటివి."

దేవిక రొప్పుతూనే సంగతంతా చెప్పింది. బిచ్చయ్య ఫోను పక్కన పెట్టాడు. "అయితే నర్సప్ప మగ్గం ఉంటది."

"ఉంటది కాకా."

అప్పుడు చూసింది దేవిక. ఆయన భుజాల మీద ఉన్నది మామ నేసిన గొంగడే. మెడకు గుచ్చకుండా పాత తువ్వాలు చుట్టుకున్నాడు.

"గుచ్చుతదంటివి, మళ్ల కప్పుకుంటివే?"

"గుచ్చుతదన్న గని, ఇడిసిపెడ్తనన్ననా బిడ్డా?"