ముదీర్ గారి యా-నీ

"సదీక్, ముదీర్ పోయారు" అని సౌదీలోని అల్ ఖర్జ్ నుంచి ఫోన్ వచ్చింది. సదీక్ అంటే స్నేహితుడు. ముదీర్ అంటే మేనేజరు, అక్కడి డెయిరీలో నా పాత మేనేజరు. ఫోన్ చేసింది ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటున్న సౌదీ అతను. దక్షిణాఫ్రికాలో కూతురింట్లో, నిద్రలోనే పోయారట. నేనిప్పుడు తబూక్‌లో వేరే డెయిరీలో ఉన్నాను. చేతిలోని పాల శాంపిళ్లు పక్కన పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

ఆయన ఆఫ్రికానర్. దక్షిణాఫ్రికాలో తరతరాలుగా స్థిరపడిన తెల్లవాళ్లలో ఒకరు. మాటకు ముందొకసారి, వెనకొకసారి "యా-నీ" అనేవారు. వాళ్ల భాషలో "అవును-కాదు" అని. ఏం చేస్తాం, అలా ఉంది మరి, అన్నట్టుగా వాడతారట. ఆ సంగతి మాకు చాన్నాళ్లు తెలీదు. అరబ్బులు దాన్ని తమ "యానీ" అనుకునేవారు. వాళ్లకది "అంటే..." అని. ఇక అసలు విషయం చెబుతాడని ఆయన మొహంలోకి చూస్తూ నిలబడేవారు. మాకేమో అది తెలుగు "నీ". మిషన్లు చూసే జగిత్యాల అన్న తెగ విసుక్కునేవాడు: "నీ అంటడు, నీ ఏందో చెప్పడు. నీ జీతమా, నీ సెలవా? మనిషిని ఆగం జేస్తడు."

సొంత దేశంలో ఒక పెద్ద పోస్టు కోసం ముదీర్ గారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. దాన్ని నల్లజాతి సహోద్యోగికి ఇచ్చారు. పాత అన్యాయాన్ని సరిదిద్దే విధానం అన్నారట.

"సరిదిద్దుకోనీ. మధ్యలో నేనేం చేశాను?" అనేవారు నాతో. "అతనికి పని నేర్పమన్నారు. నేర్పలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను."

కడపలో నాకు డెయిరీ డిప్లొమా సీటు వచ్చింది కోటాలోనే. ఒకసారి ఆ మాట చెప్పి, "ఈ విధానం రాకముందు పెద్ద పోస్టులన్నీ మీవాళ్లకే కదా సార్, మరి అది ఏ కోటా?" అని అడిగేశాను. ఆయన రస్కును కాఫీలో ముంచి అలాగే పట్టుకున్నారు. అది కాస్తా విరిగి కప్పులో పడింది. చెంచాతో తీసుకుని తిని, "యా-నీ" అన్నారు. కోపం తెచ్చుకోలేదు, ఒప్పుకోనూ లేదు. మర్నాడు నాకూ ఓ రస్కు తెచ్చారు. ఆయన వాదన నాకు ఏనాడూ నచ్చలేదు. మనిషంటే మాత్రం చాలా ఇష్టం.

తర్వాత నితాకత్ వచ్చింది. కంపెనీలు ఇంతమంది సౌదీలను పెట్టుకుని తీరాలన్నారు. ఆ వెనకే బయటిదేశాల వాళ్ల కుటుంబాల మీద ఫీజులు వేశారు. నా భార్యాపిల్లలు కడపకు వెళ్లిపోయారు. ఎవరినైనా తిట్టుకుందామన్నా ఓపిక లేని రోజులవి. చివరికి ముదీర్ గారి కుర్చీ వంతు వచ్చింది. కొత్తగా చేరిన సౌదీ అతనికి పని నేర్పి వెళ్లమన్నారు.

"మళ్లీ అదే" అన్నారాయన, అంతే.

నేర్పుతారా, ఈసారీ తాళాలు పడేసి పోతారా అని అందరం చూశాం. ఆ సౌదీ అతనైతే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాడు. ఆవు దగ్గరికి వెళ్లాలంటేనే అతనికి దడ. మొదట్లో ముదీర్ గారు ఆఫీసులోంచి కదల్లేదు. ఒకరోజు అతను వాచిన పొదుగుకు అలాగే మిషన్ తగిలించబోతే ఆవు గట్టిగా తన్నింది. ముదీర్ గారు లేచి వెళ్లి, అతని చెయ్యి పట్టుకుని పొదుగు మీద ఆనించారు.

"వేడి తెలుస్తోందా? ముందు ఇది చూడు. మిషన్ తర్వాత."

ఇక వెళ్లేదాకా అతన్ని వదల్లేదు.

"మనసు మారిందా సార్?" అని ఆటపట్టించాను.

"లేదు. అక్కడా అన్యాయమే, ఇక్కడా అన్యాయమే. అయితే నా కోపానికి ఆవు పొదుగు ఎందుకు వాచాలి?"

ఇదంతా గుర్తొచ్చి, ఫోన్‌లో సౌదీ అతన్ని అడిగాను, ఆయనతో చివరగా ఎప్పుడు మాట్లాడావని. పోయిన వారమేనట. ఇంటికి వెళ్లాక ఆయనకు మళ్లీ పని దొరకలేదట. ఏ ఆవు ఈనింది, దేనికి జ్వరం అని అడుగుతూనే ఉండేవారట.

"నేను ఆయనకు ఒక మాట చెప్పాను" అన్నాడు. "కోటా లేకపోతే నన్ను ఈ కుర్చీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. మీరు లేకపోతే ఇందులో ఒక్కరోజు కూడా నిలిచేవాణ్ణి కాదు అని."

"దానికేమన్నారు?"

"యానీ, అన్నారు."

మిగతాది చెబుతాడని పాత అలవాటుకొద్దీ ఆగాను. అవతల అతనూ ఆగాడు. వాళ్ల షెడ్డులో పాలు పితికే మిషన్ల చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది.