ఇరవై మూడు ఫారాలు, ఒకే మామ

2022 వేసవి. బొల్లారం పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారంలో నేను టైం ఆఫీస్ గుమస్తాను. హాజరు పట్టీ, కొత్తగా చేరినవారి కాగితాలు చూడడం నా పని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కాగితం మీదికి ఎక్కిన మాట అబద్ధం కాదని వేలిముద్ర వేసే మా నాయన నమ్మకం. నేనూ అలాగే నమ్మేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆవిరి గొట్టం పగిలి, సుగియా అనే జార్ఖండ్ యువతికి కుడిచేయి కాలింది. ఆమెను ఆసుపత్రికి పంపి జాయినింగ్ ఫారం తీశాను. ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చెప్పాలో రాసే గడిని ఎమర్జెన్సీ కాంటాక్ట్ అంటాము. అందులో ‘సత్తయ్య, మామ’ అని ఉంది. ఫోన్ చేశాను.

నేను ఆసుపత్రికి చేరేసరికే సత్తయ్య అక్కడున్నాడు. కూలీలను తెచ్చి మా గేటు దగ్గర అప్పగించే మనిషి. అందరూ అతణ్ణి మామా అనే పిలుస్తారు.

“పరేషాన్ గాకు సారూ. పట్టీ కట్టిన్రు గద, ఇగ నేను తోల్కపోత,” అన్నాడు.

అతడు చాయ్ తాగడానికి వెళ్లగానే సుగియా ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుంది. “యే మామా నహీ హై, బాబూ,” అంది. ఈయన తన మామ కాడని.

కుట్టుపని ఇప్పిస్తానని తెచ్చాడట. ఆధార్ కార్డులు లాక్కున్నాడట. ఎనిమిదిమంది ఆడపిల్లలను ఉంచిన గదికి బయట తాళం వేస్తాడట. ఊరికి పోతానన్న బుధ్నిని ఎక్కడికో పంపేశాడట. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

“మరి ఫారంలో మామ అని ఎందుకు చెప్పావు?” అని హిందీలో అడిగాను.

“నన్నెవరు అడిగారు బాబూ? మీరు ఆయననే అడిగి రాసుకున్నారు కదా!”

కంపెనీ లెటర్ లేకుండా ఎవరి వెంటా పంపబోమని నర్సు చెప్పింది. ఆఫీసుకు వెళ్లి పాత ఫారాలన్నీ తీశాను. ఇరవై మూడింటిలో అదే ఫోన్ నంబరు, అదే మామ. చేతిరాత నాదే. వాళ్లకు తెలుగు రాదని, కౌంటర్ దగ్గర అతడు చెప్పినట్లల్లా రాశాను. వాళ్లు వేలిముద్ర వేశారు.

“గార్డియన్ అని రాసి పంపియ్యి,” అన్నారు మా మేనేజర్. “గాయన లేకుంటే రేపటి షిఫ్ట్ నువ్వు నడుపుతవా?”

లెటర్‌హెడ్ ముందు పెట్టుకున్నాను. గార్డియన్ అంటే అబద్ధం. కాంట్రాక్టర్ అందామంటే లైసెన్స్ లేదు. గుర్తుతెలియని వ్యక్తి అందామంటే, వారానికోసారి ఇదే గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాము. మనుషులను అమ్మేవాడని రాయాలని చేయి తొందరపడింది. కానీ కోర్టు ఇంకా అనని ఆ ఒక్క మాటను పట్టుకొని అతడు కాగితం మొత్తాన్ని చెల్లకుండా చేయగలడు.

చివరికి అతడి గేట్ పాస్ నకలు చూసి ఇలా రాశాను: ‘జోగు సత్తయ్య, తండ్రి కిష్టయ్య. ఈయన తనకు బంధువు కాడని, తన ఆధార్ ఈయన దగ్గరే ఉందని, గదికి బయట తాళం వేస్తాడని కార్మికురాలు నాతో చెప్పింది. ఈయన వెంట పంపరాదు. ఇరవై మూడు ఫారాల్లో ఈయనను మామ అని రాసినది నేను. వారిని అడగకుండా రాశాను.’ కింద నా సంతకం చేశాను.

నర్సు చేతిలో ఆ లెటర్ చూసి సత్తయ్య నవ్వాడు. “డిగ్రీ సదివినవ్, మామకు గింత మర్యాద తెల్వదా?”

“తెలుసు. అందుకే నీ నాయన పేరుతో సహా రాసిన,” అన్నాను.

డాక్టరు సుగియాను పంపలేదు. లెటర్ నకళ్లను పోలీసులకు, సంగారెడ్డి కార్మిక శాఖకు నేనే ఇచ్చాను. మర్నాడు ఆ గది తాళం తీశారు. కేసు ఇంకా నడుస్తోంది. సత్తయ్య బెయిలు మీద వచ్చి మరో కంపెనీ గేటు దగ్గర చాయ్ తాగుతున్నాడు. అక్కడ కూడా అతణ్ణి మామా అనే పిలుస్తున్నారు.

ఇప్పుడు ఫారం నింపేటప్పుడు తెచ్చినవాణ్ణి బయట నిలబెడతాను. భాష తెలిసిన తోటి కార్మికుణ్ణి పక్కన కూర్చోబెట్టి, పనికి వచ్చిన మనిషినే అడుగుతాను. సుగియా తన తల్లి పేరు చెప్పింది. ఫోన్ లేదంది. అలాగే రాశాను.

ఇంకా జాడ తెలియని బుధ్ని ఫారం నా సొరుగులోనే ఉంది. మామ అన్న మాటను కొట్టేశాను. దాని పక్కన ఎవరి పేరు రాయాలో నాకు తెలియదు. ఆమె నా ఎదురుగా నిలబడిన రోజున నేను అడగలేదు.